చిన్న బ్లూటూత్ స్పీకర్ ఎలా ఎంచుకోవాలి: డబ్బా చదవడం నుంచి ఇంట్లో పరీక్ష దాకా

"వెయ్యి రూపాయల్లో మంచి స్పీకర్ ఏది?", "అమ్మకి పొద్దున్నే స్తోత్రాలు పెట్టుకోవడానికి చిన్నది చెప్పండి", "10 వాట్లది తీసుకోవాలా, 16 వాట్లదా?" అని అడిగేవాళ్లు చాలామంది. ఒక మోడల్ పేరు చెప్పేస్తే సులువే, కానీ ఆరు నెలలు తిరిగేసరికి ఆ మోడల్ దొరకదు, దొరికినా ధర మారిపోతుంది. పైగా మా పక్కింటివాళ్లకి నప్పిన స్పీకర్ మీ వంటింట్లో నప్పకపోవచ్చు. అందుకని విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉండేవాళ్లు షాపుకెళ్లినా, ఆన్‌లైన్లో కొన్నా పనికొచ్చేలా వరసగా రాస్తున్నాను. అరచేతిలో పట్టే సైజు నుంచి నీళ్ల సీసా అంత సైజు వరకే ఈ మాటలు. చక్రాల మీద లాక్కెళ్లే పార్టీ స్పీకర్ల లెక్క వేరు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

- మీరు రోజూ వాడే ఫోన్, పూర్తి చార్జింగ్‌తో. షాపువాళ్ల ఫోన్‌తో వినొద్దు.
- ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్న మూడు ఆడియోలు. ఒకటి గొంతు స్పష్టంగా వినబడే పాత పాటో పద్యమో, ఘంటసాలదైనా సరే, బాలుదైనా సరే. రెండోది డప్పులు, బీటు గట్టిగా ఉన్న పాట. మూడోది పాట కాకుండా ఉత్త మాట, ఏదైనా ప్రవచనమో వార్తలో. మూడూ మీకు బాగా అలవాటైనవై ఉండాలి.
- ఫోన్ సెట్టింగ్స్‌లో ఈక్వలైజర్, డాల్బీ లాంటి సౌండు మార్చే సెట్టింగులు ఉంటే ఆపేయండి. అవి పెట్టుకుని వింటే ఫోన్ చేసే మాయ ఎంతో, స్పీకర్ పనితనం ఎంతో తేలదు.
- ఇంట్లో ఉన్న చార్జర్, కేబుల్ ఎలాంటివో ఒకసారి చూసుకోండి. దీని సంగతి కింద వస్తుంది.

1. ఎక్కడ వాడతారో ముందు తేల్చుకోండి

ఒక గదిలో ఒకరిద్దరు వినడానికైతే 5 వాట్ల స్పీకర్ చాలు. డాబా మీద పదిమంది కూర్చునే పుట్టినరోజుకైతే 10 నుంచి 20 వాట్ల మధ్యది చూడండి. కార్తీకమాసంలో వనభోజనాలకి నలభై యాభై మందితో భవానీ ద్వీపం వెళ్తున్నారనుకోండి, చేతిలో పట్టే స్పీకర్ ఏదీ అక్కడ ఆనదు. ఆరుబయట శబ్దాన్ని తిప్పికొట్టే గోడలుండవు, గదిలో గట్టిగా అనిపించినది చెట్ల కింద పీలగా అయిపోతుంది. ఏడాదికి ఒక్కరోజు అవసరానికి పెద్దది కొనేకంటే అద్దెకి తెచ్చుకోవడం మేలు.

సూర్యలంక బీచికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే దుమ్ము, ఇసుక రక్షణ తప్పనిసరి. పెద్దవాళ్ల కోసమైతే సౌండు కన్నా బటన్లు ముఖ్యం. ట్యూషన్లో పాఠాలు వినిపించడానికైతే బాస్ (డప్పు దెబ్బ లాంటి లోతైన శబ్దం) ఎక్కువున్నది అసలు వద్దు, మాట ముద్దముద్దగా వస్తుంది.

2. డబ్బా మీద ఏం చదవాలి

వాట్లు: ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె ఒక్కటే చూడండి, స్పీకర్ ఆగకుండా ఇవ్వగలిగేది అదే. పీఎంపీఓ అని, ఒక్క క్షణానికి లెక్కగట్టి వందల్లో వేసిన అంకెని పూర్తిగా వదిలేయండి. 5 వాట్లది, 10 వాట్లది మిగతా అంతా ఒకేలా ఉన్నా పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే చెవికి "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది. రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 10కీ 12కీ మధ్య మూడు వందలు ఎక్కువ పెట్టడంలో అర్థం లేదు.

బ్యాటరీ: "20 గంటలు" అని రాసి ఉంటే పక్కనో కిందో చిన్న అక్షరాల్లో ఎంత సౌండులో అని కూడా ఉంటుంది. మామూలుగా అది సగం సౌండుకి వేసిన లెక్క. ఫుల్లుగా పెడితే సగానికో, అంతకన్నా కిందికో పడిపోతుంది. రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) చూడండి. ఒకే వాట్ల రెండింటిలో ఒకటి 1200, ఇంకోటి 2000 అయితే తేడా మీకు రోజూ తెలుస్తుంది. 1200 ఎంఏహెచ్ పెట్టి 24 గంటలని రాసినదాన్ని మాత్రం నమ్మకండి.

నీళ్లు, దుమ్ము: ఐపీ అనేది దుమ్ముని, నీళ్లని ఎంత తట్టుకుంటుందో చెప్పే రేటింగు. దాని తర్వాత వచ్చే మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష వివరం ఇవ్వలేదని అర్థం. ఐపీఎక్స్4 అంటే చిందులు తట్టుకుంటుంది, వంటింటికి చాలు. ఐపీఎక్స్5 అంటే నీటి ధారని తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతు మంచినీళ్లలో 30 నిమిషాలు. ఐపీ67 అయితే దానికి తోడు దుమ్ము కూడా లోపలికి పోదు. బీచికి, నది ఒడ్డు ఇసుకకి ఇదే కావాలి. "వాటర్‌ప్రూఫ్" అని పెద్దక్షరాలతో రాసి ఐపీ అంకె వేయకపోతే అది చిందులకి కూడా ఆగదనే అనుకోండి.

చార్జింగ్: టైప్-సి ఉన్నదే తీసుకోండి. మైక్రో యూఎస్‌బీ పిన్ను ఏడాది తిరిగేసరికి వదులైపోయే రకం, కేబుళ్లు కూడా ఇంట్లో ఎవరి దగ్గరా ఉండటం లేదు.

బ్లూటూత్ 5.0 లేదా ఆపైన ఏదైనా సరిపోతుంది. 5.0కీ 5.3కీ తేడా మీ చెవికి తెలియదు, ఆ అంకె చూసి డబ్బు ఎక్కువ ఇవ్వొద్దు.

ఎఫ్‌ఎం ఉంది కదా, రేడియో కూడా వస్తుందని కొంతమంది ఆశపడతారు. ఎఫ్‌ఎం స్టేషన్లయితే వస్తాయి, అది కూడా చాలావాటిలో కేబుల్ గుచ్చి ఉంచితేనే, ఏరియల్ పని ఆ తీగే చేస్తుంది. ఆకాశవాణి విజయవాడ మీడియం వేవ్ ప్రసారం మాత్రం ఎఫ్‌ఎంలో పట్టదు. దానికి ఫోన్‌లో ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టుకుని స్పీకర్‌కి కలిపితే సరిపోతుంది.

3. అసలుదో నకిలీదో చూడండి

బీసెంట్ రోడ్డు ఫుట్‌పాత్ మీద, బస్టాండు దగ్గర పేరున్న కంపెనీల ముద్రతో మూడు నాలుగు వందలకే స్పీకర్లు కనబడతాయి. అవి బొమ్మల కింద లెక్క. ఇబ్బంది సౌండుతో కాదు, లోపలి లిథియం బ్యాటరీతో. అది ఎలాంటిదో ఎవరికీ తెలియదు, పిల్లల పక్కన పెట్టి రాత్రంతా చార్జ్ చేస్తాం.

మన దేశంలో బ్లూటూత్ స్పీకర్లకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. డబ్బా మీదో స్పీకర్ అడుగునో బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే 8 అంకెల నంబరు ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొడితే ఏ కంపెనీ, ఏ వస్తువు అనేది వస్తుంది. షాపులో నిలబడే చూడొచ్చు. డబ్బా మీద ఎంఆర్‌పీ, తయారైన నెల, ఏ దేశంలో తయారైంది, కస్టమర్ కేర్ నంబరు కూడా ఉండాలి. డబ్బా మీది సీరియల్ నంబరు, స్పీకర్ మీది ఒకటేనా చూసుకోండి. తయారై ఏడాది దాటినదైతే కొత్త పీసు అడగండి, వాడకుండా పడి ఉన్నా బ్యాటరీ కొంత తగ్గుతుంది.

పెద్ద పేర్లే కొనాలని లేదు. మివి (మన హైదరాబాద్ కంపెనీ), బోట్ లాంటివి తక్కువ ధరలో దొరుకుతాయి. జేబీఎల్, సోనీ చిన్నవాటికి ధర ఎక్కువే, వాటిలో గొంతు తేటగా రావడం మీద శ్రద్ధ కనిపిస్తుంది. ఏదైనా కింద చెప్పినట్టు విని తేల్చుకోవాల్సిందే.

4. షాపులో వినండి, తొందరపడకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. చాలామంది షాపతను పెట్టిన పాట ఒక అరనిమిషం విని "బాగుంది" అనేస్తారు. అతను పెట్టే పాట ఆ స్పీకర్‌కి నప్పేది, బాస్ దంచేది. మీ పాటలు మీరే పెట్టుకోండి. సాయంత్రం రద్దీలో కాకుండా పొద్దున షాపు తెరిచిన కాసేపటికి వెళ్తే మీ మాట వినే తీరిక వాళ్లకీ ఉంటుంది. డెమో పీసు లేదంటే, ఉన్న షాపుకి వెళ్లండి.

ముందు గొంతు పాట, సగం సౌండులో. రెండు మీటర్ల దూరం జరగండి. శ, ష, స వచ్చిన చోట చెవిలో గుచ్చుకుంటోందా? గుచ్చుకుంటే రోజుకి గంట వినేవాళ్లకి ఆ స్పీకర్ తలనొప్పి తెస్తుంది. గాయకుడు ఊపిరి తీసుకోవడం, రాగం చివర గొంతు సన్నబడటం వినబడుతున్నాయా? గొంతు ఎదురుగా ఉన్నట్టుందా, బిందెలో నుంచి వస్తున్నట్టుందా? బిందెలో నుంచి వస్తున్నట్టుంటే పక్కన పెట్టేయండి, ఏ ఈక్వలైజరూ దాన్ని పూర్తిగా బాగుచేయలేదు.

తర్వాత బీటు పాట. సౌండు మెల్లగా ఎనభై శాతానికి తీసుకెళ్లండి. రెండు విషయాలు గమనించండి. ఒకటి, డప్పు దెబ్బ పడినప్పుడల్లా గొంతు ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తోందా. చిన్న స్పీకర్లు తమని తాము కాపాడుకోవడానికి అలా చేస్తాయి. కొంచెం పర్వాలేదు, ఊయల ఊగినట్టుంటే వద్దు. రెండు, స్పీకర్ లోపల్నుంచి గరగర, బుర్రుమనే చప్పుడు వస్తోందా. వస్తే ముందు స్పీకర్‌ని చేతిలోకి తీసుకుని వినండి. చేతిలో ఆగిపోతే అదిరింది షాపు బల్ల. చేతిలో కూడా వస్తే తప్పు స్పీకర్‌దే.

స్పీకర్ పక్కలనో వెనకనో లోపలికీ బయటికీ కదిలే రబ్బరు పొర ఉంటే అది బాస్ పెంచడానికే పెట్టారు. దాన్ని చేత్తో నొక్కి చూడకండి. ఇంట్లో కూడా ఆ పక్క గోడకి గానీ దిండుకి గానీ ఆనకుండా పెట్టాలి.

మూడోది మాట. సౌండు ఇరవై శాతానికి దించండి. తక్కువ సౌండులో కూడా ప్రతి మాటా అర్థమవుతుంటే ఆ స్పీకర్ మంచిదే. తక్కువలో అర్థం కాక పెంచాల్సి వస్తుంటే పొద్దున్నే ఇంట్లోవాళ్లు నిద్రపోతుండగా అది పనికిరాదు.

రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. రెండింటి సౌండూ చెవికి సమానంగా వచ్చేలా సర్దాకే పోల్చండి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని మన చెవి ఎప్పుడూ అనుకుంటుంది, అమ్మేవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. ఫోన్‌లో సౌండు గీత ఒకే చోట ఉన్నంత మాత్రాన సమానం కాదు, ఒక్కో స్పీకర్ ఒక్కో రకంగా అందుకుంటుంది.

పాట ఆపి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా హిస్ మనే చప్పుడు అర మీటరు దూరం దాకా వినబడితే రాత్రిపూట అది విసిగిస్తుంది.

5. చేత్తో చూడాల్సినవి

ఆన్ చేయగానే, ఫోన్ కలవగానే అది చేసే చప్పుడు వినండి. కొన్ని స్పీకర్లు "కనెక్టెడ్" అని ఇల్లు లేచేలా అరుస్తాయి, ఆ మాట సౌండు తగ్గించే మార్గం ఉండదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పెట్టుకునే పెద్దవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది. కొన్నిటికి కంపెనీ యాప్‌లో దాన్ని ఆపే వీలుంది, అడగండి.

సౌండుని ఒక్కో మెట్టు దించుతూ చిట్టచివరి మెట్టు దగ్గర వినండి. కొన్నిటిలో మొదటి మెట్టే గట్టిగా ఉంటుంది, దాని కింద ఇక సున్నాయే.

కళ్లు మూసుకుని బటన్లు తడమండి. నల్ల రబ్బరు మీద నల్ల గుర్తులున్నవి కళ్లజోడు లేకుండా కనబడవు. ప్లస్, మైనస్ వేళ్లకి తెలియాలి. చాలా స్పీకర్లలో అదే బటన్ ఒకసారి నొక్కితే సౌండు, నొక్కి పట్టుకుంటే పాట మారడం. చెయ్యి వణికేవాళ్లకి ఇలాంటివి వద్దు, విడివిడి బటన్లున్నవి చూడండి.

ఒక వీడియో కూడా పెట్టి చూడండి. పెదాలు, మాట కలుస్తున్నాయా? పేరున్న వీడియో యాప్‌లు ఆలస్యాన్ని సర్దుకుంటాయి కాబట్టి బాగానే కనబడుతుంది. ఫోన్‌లో గేములకి, కీబోర్డు వాయించే యాప్‌లకి మాత్రం బ్లూటూత్ ఆలస్యం తప్పదు. పిల్లలు సంగీతం సాధన చేయడానికైతే ఆక్స్ సాకెట్ (ఆడియో తీగ గుచ్చే రంధ్రం) ఉన్నదే కొనండి, తీగతో కలిపితే ఆ ఆలస్యం ఉండదు.

రెండు స్పీకర్లు కలిపి ఎడమ, కుడి వేరువేరుగా వినాలనుకుంటే ఒకే మోడల్ రెండు ఒకేసారి కొనండి. ఒకే కంపెనీవి అయినంత మాత్రాన కలుస్తాయనుకోవద్దు. ఉదాహరణకి జేబీఎల్‌లో పాత పార్టీబూస్ట్ పద్ధతిలో కలిసే స్పీకర్లు, కొత్త ఆరాకాస్ట్ పద్ధతిలో కలిసే స్పీకర్లు ఒకదానితో ఒకటి కలవవు.

6. బిల్లు దగ్గర

షాపులో విని, అక్కడే ఫోన్ తీసి ఆన్‌లైన్ ధర చూడండి, చూపించి అడగండి. తేడా వంద, రెండు వందలైతే షాపులోనే కొనమంటాను. మీకు డెమో పెట్టి వినిపించింది వాళ్లు, తేడా వస్తే నేరుగా వెళ్లి అడగగలిగేదీ వాళ్లనే. తేడా బాగా ఎక్కువుంటే ఆన్‌లైన్లో తీసుకోండి, కానీ అమ్మేది ఎవరో, వాపసు నియమం ఏమిటో చదవండి. చాలాసార్లు 7 రోజుల్లో మార్పిడి మాత్రమే ఉంటుంది, డబ్బు తిరిగి ఇవ్వరు. మూత తెరిచేటప్పుడు వీడియో తీసుకోవడం మరిచిపోవద్దు.

జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీ ఆరు నెలలా, ఏడాదా? సర్వీస్ సెంటర్ విజయవాడలో ఉందా, గుంటూరులో ఉందా, లేక కొరియర్ చేయాలా? ఇది కంపెనీ సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి మీరే చూసుకోండి, షాపువాళ్ల నోటి మాట చాలదు.

7. ఇంటికొచ్చాక మొదటి వారం

ఈ పరీక్షలు వాపసు గడువు లోపలే చేయండి, డబ్బా పారేయకండి.

చార్జింగ్: స్పీకర్‌తో వచ్చిన కేబుల్‌తో, మామూలు 5 వోల్టుల చార్జర్‌తో పెట్టండి. కొత్త ఫోన్ల రెండు వైపులా టైప్-సి ఉండే కేబుల్ గుచ్చితే కొన్ని చవక స్పీకర్లు అసలు చార్జ్ అవ్వవు. స్పీకర్ పాడైందని కంగారుపడి తిరిగి ఇచ్చేసేవాళ్లున్నారు. అలాంటి చార్జర్ అవతల వస్తువు ఉందని తెలిస్తేనే కరెంటు వదులుతుంది, ఆ సంగతి తెలియజెప్పే చిన్న రెసిస్టర్లు ఈ స్పీకర్లలో పెట్టరు. పాత చార్జర్‌తో, ఒక వైపు పెద్ద యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో పెడితే ఎక్కుతుంది.

బ్యాటరీ: పూర్తిగా నింపి, అరవై శాతం సౌండులో పాటల వరస పెట్టి, మొదలుపెట్టిన టైము రాసుకోండి. డబ్బా మీది గంటల్లో మూడొంతులు వచ్చినా సరే అనుకోవచ్చు. సగం కూడా రాకపోతే మార్పిడికి పెట్టండి.

దూరం: స్పీకర్ హాల్లో ఉంచి ఫోన్‌తో వంటింట్లోకి, పడగ్గదిలోకి నడవండి. ఆరుబయట 10 మీటర్లు అన్నది ఒక కాంక్రీటు గోడ దాటేసరికి బాగా తగ్గుతుంది. ఫోన్ వెనక జేబులో ఉంటే మన ఒళ్లు కూడా అడ్డమే. పాట తెగుతుంటే ముందు ఫోన్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. వైఫై రూటర్ పక్కన స్పీకర్ ఉంటే జరపండి, రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి.

స్థలం: ఒకే పాట పెట్టి స్పీకర్‌ని గది మధ్య బల్ల మీద, గోడ దగ్గర, గది మూలలో ఉంచి వినండి. మూలకి వెళ్లేకొద్దీ బాస్ పెరుగుతుంది. బాస్ తక్కువని బాధపడేవాళ్లకి పైసా ఖర్చు లేని మందు ఇది. మాట ముద్దగా ఉంటే మూల నుంచి బయటికి తీయండి.

తనంతట తానే ఆగిపోవడం: పాట లేకుండా పది పదిహేను నిమిషాలు గడిస్తే చాలా స్పీకర్లు ఆగిపోతాయి. అది లోపం కాదు, బ్యాటరీ మిగలడానికి అలా పెట్టారు.

నీళ్ల పరీక్ష మాత్రం చేయకండి. ఐపీఎక్స్7 కదా అని బకెట్లో ముంచి చూసేవాళ్లున్నారు. చార్జింగ్ మూత సరిగా పడకపోతే అక్కడితో సరి, నీళ్లు పోతే వారంటీ రాదంటారు. సముద్రం నుంచి వచ్చాక ఆ మూత గట్టిగా మూసి మంచినీళ్లతో కడిగి తుడవండి, ఆ రేటింగు ఉప్పునీళ్లకి ఇచ్చింది కాదు. పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టొద్దు.

మన ఎండలకి ఇంకొక్క మాట. మే నెలలో విజయవాడలో బయటే 42, 43 డిగ్రీలుంటే మూసిన కారులో అరగంటలోనే ఇంకో 15, 20 డిగ్రీలు పెరుగుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. కారు డ్యాష్‌బోర్డు మీద, డాబా పిట్టగోడ మీద స్పీకర్ వదిలేయకండి. వేడిగా ఉన్నది ఇంట్లోకి తెచ్చి వెంటనే గుచ్చకండి, అరగంట ఆగండి. పక్కలు ఉబ్బినట్టు కనిపించినా, అతుకు విడినా వాడకం ఆపేసి సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి, చెత్తబుట్టలో వేయొద్దు.

గడువు లోపల లోపం చూపించినా షాపువాళ్లు గానీ ఆన్‌లైన్ అమ్మకందారు గానీ తిప్పుతుంటే బిల్లు ఫొటో, లోపం తెలిసే చిన్న వీడియో పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఫిర్యాదు నంబరు ఇస్తారు, దాన్ని బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.